ఏప్రిల్ నెలంతా బరంపురంలో జాజ్: తరచుగా అడిగే ప్రశ్నలు

మా మేడ మీది క్లబ్బులో ఏప్రిల్ అంతా జాజ్ కచేరీలు (జాజ్ అంటే అమెరికా నల్లజాతివాళ్ళ దగ్గర పుట్టిన సంగీతం) పెడుతున్నామని పోస్టర్లు అంటించి పది రోజులైంది, అప్పట్నుంచి ఫోను ఆగట్లేదు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు నుంచి మెసేజీలు, పర్లాకిమిడి నుంచి ఇద్దరు లెక్చరర్లు, మా వీధి చివర టీ కొట్టు ఆయన కూడా "ఏటి బాబూ ఇది, నెల్లాళ్ళు ఏం వాయిస్తారు" అని ఆపి మరీ అడిగాడు. అందరికీ విడివిడిగా చెప్పేకన్నా ఒక్కచోట రాసి పెడితే మేలని కూర్చున్నా. కాస్త పెద్దగానే వచ్చింది, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్ళిపోండి, తీరికుంటే మొత్తం చదవండి.

ఎప్పుడెప్పుడు, ఎన్ని గంటలకి?

మొత్తం పన్నెండు రాత్రులు. శని ఆదివారాలు ఎనిమిది, అంటే 4, 5, 11, 12, 18, 19, 25, 26. వీటికి తోడు 7 మంగళవారం, 22 బుధవారం, 29 బుధవారం, 30 గురువారం. ఏడింటికి తలుపులు తీస్తాం, ఏడున్నరకి మొదటి సెట్ మొదలు, ముప్పావుగంట వాయిస్తారు, తర్వాత అరగంట టీ, మళ్ళీ ఇంకో సెట్. పదికల్లా మీరు కింద చెప్పులేసుకుంటూ ఉంటారు. ఏడున్నర అంటే ఏడున్నరే, ఈ ఒక్క విషయంలో మేం పెళ్ళివాళ్ళలా ఉండం.

ఇంత ఎండల్లో ఏప్రిలే ఎందుకు, డిసెంబర్లో పెట్టుకోవచ్చు కదా?

అందరూ అడిగేది ఇదే. జాజ్‌లో ఏప్రిల్ చాలా పెద్ద నెలండీ. యునెస్కో 2011లో ఏప్రిల్ 30ని అంతర్జాతీయ జాజ్ దినంగా ప్రకటించింది, 2012 నుంచి ప్రపంచమంతా జరుపుతున్నారు. దానికి ముందు నుంచీ చూసుకుంటే ఈ నెలలో పుట్టినోళ్ళు ఎవరెవరో చూడండి: గాయని బిల్లీ హాలిడే 7న, పియానో వాయించే హెర్బీ హాంకాక్ 12న, చార్ల్స్ మింగస్ 22న, గాయని ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ 25న, పియానో వాయిస్తూ పెద్ద బ్యాండు నడిపిన డ్యూక్ ఎలింగ్టన్ 29న. వారం మధ్యలో వచ్చే ఆ విడి తేదీలు ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమయ్యుంటుంది. మన త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమికే చేస్తాం కదా, వీలుగా ఉంటుందని మార్చం కదా, ఇదీ అంతే.

ఇంకో కారణం కూడా ఉంది. ఠాకురాణి యాత్ర, అంటే మా ఊరి అమ్మవారి జాతర, రెండేళ్ళకోసారి, అదీ ఈ రోజుల్లోనే వస్తుంది, యాత్ర ఉన్న ఏడాది ఈ రోజుల్లో ఊళ్ళో ఇంకో కార్యక్రమం పెట్టడం మాకిష్టం లేదు. ఈ ఏడు యాత్ర లేదు కాబట్టి ఊరు కొంచెం ఖాళీగా ఉంటుంది.

ప్రత్యేక రాత్రుల్లో ఏం ఉంటుంది?

7వ తేదీ బిల్లీ హాలిడే కోసం. 1915లో పుట్టింది ఆవిడ, గొంతు పెద్దది కాదు, స్వరాల విస్తారం కూడా తక్కువే, కానీ పాటని తాళం కంటే ఒక వెంట్రుకవాసి వెనకగా లాగి పాడేది, ఆ లాగడంలోనే దుఃఖమంతా ఉంటుంది. ఆ రాత్రి డ్రమ్స్ ఉండవు, గొంతు, పియానో, బేస్, అంతే. పాడేది కోల్‌కతా నుంచి వస్తున్న అమ్మాయి.

12న హాంకాక్ రాత్రి, ఎలక్ట్రిక్ కీబోర్డులు, ఊపున్న సంగీతం, కుర్రాళ్ళకి ఇది బాగా నచ్చుతుంది. ఆయన 1940లో పుట్టాడు, ఏప్రిల్ 30ని జాజ్ దినంగా చేయించడంలో ముందు నిలబడింది కూడా ఆయనే.

22 గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మింగస్ బేస్ వాయించేవాడు. బేస్ అంటే మనిషంత ఎత్తుండే ఫిడేలు, నిలబడి వేళ్ళతో మీటుతారు. పోయినేడు కోల్‌కతా నుంచి ఒకాయన తన బేస్‌ని రైల్లో తెచ్చాడు, సామాను దింపిన తీరుకి లోపల ఉండే చిన్న కర్ర పడిపోయింది. ఫిడేలు, బేస్ వీటన్నిటికీ లోపల పై చెక్కకీ కింద చెక్కకీ మధ్య ఒక కర్ర నిలబెట్టి ఉంటుంది, జిగురుండదు, తీగల బిగువుకే నిలబడుతుంది, అది పడితే శబ్దం చచ్చిపోతుంది. కచేరీ ఇంకా మూడు గంటలుంది. ఈ ఊళ్ళో బేస్ బాగుచేసేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? ఆయన మా వంటింట్లోంచి ఒక చెంచా తీసుకుని కాడ వంచాడు, నేను సెల్‌ఫోను లైటు వేసి పట్టుకున్నా, బొజ్జ మీదున్న సన్నటి కంతలోంచి చెంచా కాడతో ఆ కర్రని లేపి, జరిపి, మళ్ళీ జరిపి, నలభై నిమిషాల తర్వాత నిలబెట్టాడు. తీగలు బిగించి అడుగు తీగ ఒక్కసారి మీటాడు. నా అరికాళ్ళ కింద చెక్క నేల వణికింది. ఆ వణుకు మీరూ తెలుసుకోవాలనే ఈసారి 22న ముందు వరస కుర్చీలు తీసేసి చాపలు వేస్తున్నాం, కింద కూర్చుంటే బేస్ ఒంట్లోకి వస్తుంది.

25న ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ పుట్టింది, 1917లో. అదే తేదీన 1945లో కలకత్తాలో టెడ్డీ వెదర్‌ఫోర్డ్ కలరా వచ్చి చనిపోయాడు. ఆయన పేరు మనలో ఎక్కువమందికి తెలీదు. అమెరికాలో నల్లజాతి పియానో వాద్యకారుడు, షికాగోలో ట్రంపెట్ మేటి లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కలిసి వాయించినవాడు, తర్వాత షాంఘై, బొంబాయి, చివరికి కలకత్తా గ్రాండ్ హోటల్లో బ్యాండు నడిపాడు. నలభై ఒక్క ఏళ్ళకే పోయాడు. మన లైన్లో రైలెక్కితే ఒక్క రాత్రిలో చేరే ఊళ్ళో. ఆ రాత్రి రెండో సెట్ మొత్తం ఒక్క పియానో మాత్రమే, ఆయన కోసం.

29న ఎలింగ్టన్. 1899లో పుట్టాడు, 1963లో తన పెద్ద బ్యాండుతో మన దేశం వచ్చాడు. మా స్టేజీ మీద అంత బ్యాండు పట్టదు, ఏడుగురితో చేస్తున్నాం.

30 గురించి ఆఖర్లో చెప్తా.

జాజ్ అంటే ఏంటి? మాకు అర్థమవుతుందా?

అవుతుంది. మీరు ఒక్క కచేరీ అయినా పూర్తిగా కూర్చుని విన్నవాళ్ళైతే సగం ఇప్పటికే తెలుసు.

పాట మొదలు అందరూ కలిసి వరస వాయిస్తారు, అది పల్లవి అనుకోండి. తర్వాత ఒక్కొక్కరు ఆ వరస కింద ఉన్న చట్రాన్ని పట్టుకుని అప్పటికప్పుడు కొత్తగా వాయిస్తారు, మన మనోధర్మం లాగే, నెరవు, స్వరకల్పన లాగే. చివర మళ్ళీ అందరూ పల్లవికి వచ్చేస్తారు. తేడా ఎక్కడంటే మనకి రాగం చట్రం, వాళ్ళకి కార్డ్‌ల వరస చట్రం (కార్డ్ అంటే రెండు మూడు స్వరాలు ఒకేసారి కలిపి పలికించడం). చాలా పాటలకి ముప్పై రెండు బార్లు (బార్ అంటే తాళంలో ఒక చిన్న గడి, మామూలుగా నాలుగు మాత్రలు), ఎనిమిదేసి చొప్పున నాలుగు ముక్కలు, మొదటి రెండూ చివరిదీ ఒకే వరస, మూడోది మాత్రం వేరే. ఆ ముప్పై రెండూ మన ఆవర్తనంలా తిరుగుతూనే ఉంటాయి, సోలో వాయించేవాడు ఎంత దూరం వెళ్ళినా అతని కాలు ఆ చక్రంలోనే ఉంటుంది. మూడో ముక్క వచ్చినప్పుడు గాలి మారినట్టు ఉంటుంది, ఒకటి రెండు పాటలయ్యాక మీకే తెలిసిపోతుంది, తెలిసిన ఆ క్షణం చాలా బావుంటుంది.

డ్రమ్మరూ సాక్సోఫోనూ నాలుగేసి బార్లు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వాయించుకుంటారు చూడండి, అది తనియావర్తనంలో మృదంగం ఘటం మాట్లాడుకున్నట్టే. తాళం లెక్కలు ఇష్టమున్నోళ్ళకి ఒకటి చెప్తా. అమెరికా పియానో వాద్యకారుడు డేవ్ బ్రూబెక్ బృందం 1959లో రికార్డు చేసిన టేక్ ఫైవ్ ఉంది కదా, రాసింది అందులో సాక్సోఫోన్ వాయించిన పాల్ డెస్మండ్, దానికి అయిదు మాత్రలు. మన ఖండచాపు తక తకిట, రెండూ మూడూ. అది తకిట తక, మూడూ రెండూ. తొడ మీద వేసుకుని చూడండి. బ్రూబెక్ అంతకు ముందు ఏడే, 1958లో, మన దేశం వచ్చి వెళ్ళాడు.

అసలు నేను చెప్పాలనుకున్నది ఏంటంటే, ఈ సంగీతం ముందే తయారై ఉండదు, మీరు కుర్చీలో కూర్చున్నాక మీ ముందే పుడుతుంది. అదే పాట 4వ తేదీన ఒకలా ఉంటుంది, 5న ఇంకోలా ఉంటుంది. మీరు శ్రద్ధగా వింటే వాళ్ళు ఇంకో ఆవర్తనం ధైర్యం చేస్తారు, మీరు కబుర్లాడుతుంటే త్వరగా ముగించేస్తారు, నేను ఎన్నోసార్లు కళ్ళారా చూశా. కింద చెప్పే నియమాలన్నీ దీనికోసమే.

ఇది డబ్బున్నోళ్ళ సంగీతం, ఫైవ్ స్టార్ హోటళ్ళలో వాయించేది కదా?

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. జాజ్ పుట్టింది అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా జనం మనవలు మునిమనవల చేతుల్లో. ఆ ఊళ్ళో కాంగో స్క్వేర్ అని ఒక మైదానం, ఆదివారాలు బానిసలు అక్కడ చేరి డప్పులు వాయించి ఆడేవాళ్ళు. తర్వాత మిలిటరీ బ్యాండుల్లోని ట్రంపెట్లు, క్లారినెట్లు, ట్రాంబోన్లు వీధుల్లోకి వచ్చాయి, ఊరేగింపులకీ చావులకీ ఆ బ్యాండులే. చావుకి వెళ్ళేటప్పుడు నెమ్మదిగా ఏడిపిస్తూ వాయిస్తారు, పూడ్చి తిరిగొచ్చేటప్పుడు గంతులేసేలా వాయిస్తారు. మన దగ్గర పండు ముసలాళ్ళు పోతే బాజాలతో సాగనంపడం లేదూ? లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కార్నెట్ (ట్రంపెట్ లాంటి పొట్టి బూర) దిద్దుకున్నది ఎక్కడనుకుంటున్నారు, పిల్లల్ని పట్టుకొచ్చి పెట్టే హోమ్‌లో, అక్కడి బ్యాండులో.

మన పెళ్ళి బ్యాండు పార్టీలు కూడా ఆ మిలిటరీ బ్యాండుల బిడ్డలే. అవే ఇత్తడి బూరలు, అదే క్లారినెట్టు, ఎర్ర కోటుతో సహా. ఒకే తల్లి పిల్లలు, ఒకరు న్యూ ఆర్లియన్స్‌లో పెరిగారు, ఒకరు మన గంజాం వీధుల్లో. బరాత్‌లో వాయించేవాడిని మనం మనిషిగా కూడా చూడం, తలెత్తి అతని ముఖం చూసినవాళ్ళు ఎంతమంది? జాజ్ విన్నాక నాకు ఆ బూర వెనకున్న ఊపిరి వినబడడం మొదలైంది.

హోటళ్ళ సంగతీ నిజమే, 1935లో లియాన్ ఆబే అనే ఆయన బొంబాయి తాజ్ హోటల్లో వాయించడానికి నల్లజాతి బ్యాండు తెచ్చాడు, మన దేశంలో జాజ్ పెద్ద హోటళ్ళలోనే నిలబడింది. కానీ అక్కడ నేర్చుకున్న గోవా వాద్యకారులే తర్వాత హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో కూర్చున్నారు, చిక్ చాకలేట్, సెబాస్టియన్ డిసౌజా లాంటివాళ్ళు. మీ నాన్నగారు రేడియోలో విన్న పాటల్లో ట్రంపెట్ పలికిన చాలా చోట్ల వాళ్ళే.

మన తెలుగువాళ్ళెవరైనా ఉన్నారా ఇందులో?

మాండొలిన్ శ్రీనివాస్ గారు. పాలకొల్లులో 1969లో పుట్టారు. 1983లో బెర్లిన్ జాజ్ ఫెస్టివల్లో వాయించారు, అప్పటికి పద్నాలుగేళ్ళ పిల్లాడు. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్‌ల రిమెంబర్ శక్తి బృందంలో ఏళ్ళ తరబడి వాయించారు. 2014లో వెళ్ళిపోయారు, ఇంకా ఎంతో ఉండగానే. మెక్‌లాఫ్లిన్ గిటారు ఒక మాట అంటే ఈయన మాండొలిన్ దాన్నే తిప్పి ఇంకో రెండు మాటలు అనేది. 18న మొదటి సెట్ ఆయన తలపుల్లో చేస్తున్నాం, వైజాగ్ నుంచి గిటారు, మాండొలిన్, మృదంగం వస్తున్నాయి.

సాక్సోఫోన్ ఉంటుందా?

ఉంటుంది, పన్నెండులో తొమ్మిది రాత్రులు. అడాల్ఫ్ సాక్స్ అనే బెల్జియం ఆయన చేసి 1846లో పేటెంట్ తీసుకున్నాడు, అందుకే ఆ పేరు. మనవాళ్ళకి సాక్సోఫోన్ అంటే కద్రి గోపాల్‌నాథ్ గారు, కర్ణాటక సంగీతం అంతా దాని మీద పలికించారు, ఆయన కూడా జాజ్ వాద్యకారులతో కలిసి వాయించినవారే. ముందు వరసలో కూర్చుంటే ఒకటి గమనించండి, వాయించే ముందు మా సాక్సోఫోన్ ఆయన ఒక సన్నటి వెదురు లాంటి పుల్లని నోట్లో పెట్టుకుని నానబెడుతూ ఉంటాడు. అది రీడ్. మన సన్నాయికి పీక లాంటిది. పొడిగా ఉంటే పలకదు. ఆ రెండు నిమిషాలు ఆయన్ని పలకరించకండి, జవాబు చెప్పలేడు పాపం.

సినిమా పాటలు వాయిస్తారా?

అడగొచ్చు, కానీ చీటీ మీద రాసి టీ టైంలో నాకివ్వండి, మధ్యలో అరవొద్దు. జాజ్‌వాళ్ళు వాయించే పాత పాటల్లో చాలావరకు ఒకప్పటి అమెరికా నాటకాల పాటలూ సినిమా పాటలే, వాటినే చట్రంగా పెట్టుకున్నారు. కాబట్టి మన పాటని పట్టుకుంటే తప్పేం లేదు. ఒక్క మాట మాత్రం, మీరడిగిన పాట క్యాసెట్లో ఉన్నట్టు రాదు. గుర్తుపట్టడమే మీ వంతు.

క్లబ్ అంటున్నారు, పేకాట, మందు ఉంటాయా? ఆడవాళ్ళు రావచ్చా?

మన వైపు క్లబ్బు అంటే పేకాటే గుర్తొస్తుంది, అడిగినవాళ్ళ తప్పు లేదు. పేకాట లేదు, మందు లేదు, తాగి వస్తే కింద నుంచే పంపేస్తాం. న్యూ ఆర్లియన్స్‌లోనే 1961లో మొదలైన ప్రిజర్వేషన్ హాల్ దశాబ్దాల పాటు మందు అమ్మకుండా, బల్లల మీద జనాన్ని కూర్చోబెట్టి ఒక్క సంగీతంతోనే నడిచింది. మాకు అదే ఆదర్శం.

ఆడవాళ్ళు తప్పకుండా రండి. పోయినేడు వచ్చినవాళ్ళలో దాదాపు సగం ఆడవాళ్ళే. ఒంటరిగా వచ్చేవాళ్ళు ముందే ఒక మెసేజ్ పెడితే ఆటో ఎక్కించేదాకా మా పిన్నిగారు తోడుంటారు, టికెట్ల దగ్గర కూర్చునేది ఆవిడే.

టికెట్ ఎంత? ఆ డబ్బు ఎటు పోతుంది?

రాత్రికి 200. విద్యార్థులకి 50, ఐడి కార్డు చూపించాలి. పన్నెండు రాత్రులకీ కలిపి పాస్ 1,500. బ్యాండు పార్టీల్లో వాయించేవాళ్ళకి, నాదస్వరం, డోలు, మృదంగం, ఏ వాయిద్యమైనా సరే బతుకుతెరువుగా వాయించేవాళ్ళకి టికెట్ లేదు, వచ్చి కూర్చోండి.

మా హాల్లో 90 కుర్చీలు. అన్నీ నిండి అందరూ పూర్తి టికెట్ కొన్నా రాత్రికి 18,000 వస్తుంది, ఎప్పుడూ అంత రాదు. అందులో నలుగురి రైలు టికెట్లు, రెండు రాత్రుల లాడ్జి, భోజనాలు, సౌండ్ అబ్బాయి కూలి, జనరేటర్ డీజిల్, పియానో శ్రుతి చేసే ఆయన కోల్‌కతా నుంచి రావడం, ఇవన్నీ పోగా వాద్యకారుల చేతిలో పడేది తక్కువే. అందుకే టికెట్ దగ్గర బేరమాడొద్దని చేతులు జోడించి అడుగుతున్నా. మీరు ఒక పట్టు చీర బేరం చేసినా నేసినవాడి కూలి తెలిసి చేస్తారు కదా, మన బరంపురం వాళ్ళకి ఆ సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఇంత చిన్న హాలెందుకు, కల్యాణమండపం తీసుకుంటే అయిదొందల మంది పడతారు కదా?

న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అని ఉంది, 1935లో తెరిచారు, ఇప్పటికీ నడుస్తోంది, జాజ్‌లో గొప్పవాళ్ళు దాదాపు అందరూ అక్కడ వాయించారు. అందులో పట్టేది 123 మంది. నేలమాళిగ. పెద్ద హాల్లో వినబడేది స్పీకరు, చిన్న హాల్లో వినబడేది మనిషి.

మాది ఒకప్పుడు పట్టు నూలు నిలవ చేసిన మేడ. మందం గోడలు, చెక్క నేల, చెక్క దూలాలు, శబ్దం మోగదు, మెత్తగా ఆగుతుంది. డ్రమ్మరు కర్రలు పక్కన పెట్టి బ్రష్‌లు తీసుకుంటాడు, సన్నటి తీగల కుచ్చులు, వాటితో డ్రమ్ము తోలు మీద గుండ్రంగా రాస్తాడు. మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ నా చెవిలో అంది, "చేటలో బియ్యం చెరుగుతున్నట్టుందిరా" అని. సరిగ్గా అదే. కల్యాణమండపంలో ఆ చప్పుడు మూడో వరసకి కూడా వెళ్ళదు.

ఎప్పుడు చప్పట్లు కొట్టాలి?

ఒకరి సోలో అయ్యాక కొట్టొచ్చు, పాట నడుస్తుండగానే, తని అయ్యాక కొడతాం కదా అలా. మధ్యలో ఒక మంచి ముక్క పడితే "భేష్", "శభాష్", "వాహ్", "బఢియా" ఏదైనా అనండి, వాళ్ళకి చాలా ఇష్టం. ఒడియాలో అన్నా తెలుగులో అన్నా అర్థమవుతుంది. నెమ్మది పాటలప్పుడు మాత్రం చివరి స్వరం పూర్తిగా ఆరిపోయేదాకా ఆగండి. సింబల్ (డ్రమ్స్‌లోని ఇత్తడి పళ్ళెం) మోత గాల్లో ఇంకా ఉంటుంది, అది కూడా పాటలో భాగమే.

ఫోన్లో రికార్డ్ చేసుకోవచ్చా?

ప్రతి రాత్రి మొదటి పాట ఒక్కటి తీసుకోండి. తర్వాత ఫోను జేబులో, బ్యాగులో. తెర వెలుగు ఒక్కటి చాలు పక్కన అయిదుగురి చూపు లాగేయడానికి. ఇంకోటి, రికార్డ్ అవుతోందని తెలిస్తే వాయించేవాడు తప్పు చేయడానికి భయపడతాడు, తప్పు చేయడానికి భయపడితే కొత్తది రాదు.

పిల్లల్ని తీసుకురావచ్చా?

ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళని హాల్లోకి. ఇంకా చిన్నపిల్లలైతే ఆదివారం సాయంత్రం అయిదున్నరకి సౌండ్ చెక్‌కి రండి, టికెట్ లేదు, పరిగెత్తినా ఏడ్చినా ఎవరూ ఏమీ అనరు, డ్రమ్స్ ముట్టుకోవచ్చు కూడా.

ఎండ, కరెంటు, వాన సంగతి?

ఏసీలు లేవు. గోపాల్‌పూర్ వైపు నుంచి సాయంత్రం గాలి తిరుగుతుంది, కిటికీలు తూర్పుకి ఉన్నాయి, కూలర్లు రెండున్నాయి గానీ నెమ్మది పాటలప్పుడు ఆపేస్తాం. నూలు బట్టలు కట్టుకుని రండి.

కరెంటు గురించి నిజం చెప్పాలి. పోయినేడు రెండో శనివారం సరిగ్గా రెండో సెట్ మధ్యలో కరెంటు పోయింది, అద్దెకు తెచ్చిన జనరేటర్ ఎంత లాగినా అంటుకోలేదు, ఇచ్చినవాళ్ళు ఫోనెత్తలేదు. నా కాళ్ళు చల్లబడిపోయాయి. కానీ స్టేజీ మీద పాట ఆగలేదు, ఎలక్ట్రిక్ గిటారు ఆయన గిటారు దింపి చేతులతో చిటికెలు వేయడం మొదలెట్టాడు, సాక్సోఫోన్ ఆయన స్టేజీ దిగి చీకట్లో జనం మధ్యకి నడుచుకుంటూ వచ్చి వాయించాడు, ఎవరూ కదల్లేదు, ఎవరూ ఫోను లైటు వేయలేదు. పద్నాలుగు నిమిషాలు. కరెంటు వచ్చాక కొందరు "అయ్యో" అన్నారు. అయినా ఈసారి రెండు జనరేటర్లు పెట్టాం, ముందు రోజే నడిపి చూస్తాం.

కాలబైశాఖి గాలివాన వస్తే మేడ మీద ఇబ్బంది లేదు, మెట్ల దగ్గర జారుతుంది, పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకుని ఎక్కండి. కచేరీ రద్దు చేస్తే డబ్బు వెనక్కి ఇస్తాం.

తినడానికి ఏమైనా?

టీ, మిరపకాయ బజ్జీ, ఇడ్లీ. 14న పణా సంక్రాంతి కాబట్టి 11, 12 తేదీల్లో మారేడు పండు పణా (పానకం) ఉచితం. సెట్ నడుస్తుండగా హాల్లో తినొద్దు, కాగితం పొట్లం చప్పుడు బేస్ సోలోని చంపేస్తుంది.

ఏ భాషలో మాట్లాడతారు?

పాటల గురించి నేనే రెండు మాటలు చెప్తా, ముందు తెలుగులో, తర్వాత ఒడియాలో. పర్లాకిమిడిలో కూర్చుని గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే తెలుగు కోసం అంత పోరాడారు, కాబట్టి అనౌన్స్‌మెంట్లు కూడా ఇలాగే ఉంటాయి, గ్రాంథికం ఉండదు.

బయట ఊళ్ళ నుంచి ఎలా రావాలి?

ఇచ్ఛాపురం, ఛత్రపురం నుంచి రోడ్డు మీద రావడమే నయం. సోంపేట, పలాస వాళ్ళు రైలుకి వచ్చేట్టయితే తిరుగు రైలు టైం ముందే చూసుకుని టికెట్ తీసేటప్పుడు పిన్నిగారికి చెప్పండి, తలుపు పక్క కుర్చీ ఇస్తాం, ఎవరికీ అడ్డు లేకుండా లేచి వెళ్ళొచ్చు. పర్లాకిమిడి, రాయగడ వాళ్ళు రాత్రి ఉండిపోవాల్సిందే, నలుగురైదుగురికి మా ఇళ్ళల్లో పడక చూడగలం, మొహమాటపడకుండా అడగండి.

రాకముందు ఏమైనా వినాలా?

అవసరం లేదు. వినాలనిపిస్తే ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959లో చేసిన కైండ్ ఆఫ్ బ్లూ అనే ఆల్బమ్ వినండి, రాత్రి దీపాలార్పి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. అందులో కార్డ్‌ల హడావిడి తక్కువ, ఒక్కో స్వర వరస మీద చాలాసేపు నిలబడతారు, రాగానికి అలవాటైన చెవికి అది దగ్గరగా ఉంటుంది.

30న ఏంటి? నేను కూడా వాయించవచ్చా?

30 జామ్ సెషన్. మా బృందం మొదటి అరగంట వాయిస్తుంది, తర్వాత స్టేజీ అందరిదీ. మెట్ల దగ్గర ఒక నోటుబుక్కు ఉంటుంది, పేరు, వాయిద్యం, మీకొచ్చిన ఒక పాట, శ్రుతి రాయండి. ఒక్కొక్కరికి రెండు ఆవర్తనాలు, వంతు వచ్చినప్పుడే వాయించాలి, పక్కవాడు వాయించేటప్పుడు వినాలి, వినడం రానివాడికి రెండో వంతు ఇవ్వం. నాదస్వరం, హార్మోనియం, మృదంగం, ఏదైనా తెచ్చుకోండి. భయపడొద్దు. సాక్సోఫోన్ మేటి చార్లీ పార్కర్‌ని కుర్రతనంలో జామ్ నుంచి అవమానించి దింపేశారు, వెళ్ళి వేసవంతా సాధన చేసి తిరిగొచ్చాడు.

ఆ రాత్రి మొదట పేరు రాసుకున్నది మా ఊరి బ్యాండు పార్టీలో ముప్పై ఏళ్ళుగా క్లారినెట్ వాయిస్తున్న పెద్దాయన. పోయినేడు ఒక బరాత్ అయ్యాక ఎర్ర కోటు విప్పకుండానే వచ్చి వెనక నిలబడి విన్నాడు, మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఈ మధ్య రోజూ పొద్దున్నే మా మేడ మీదకొచ్చి సాక్సోఫోన్ కుర్రాడితో పన్నెండు బార్ల బ్లూస్ (జాజ్‌కి మూలమైన నల్లజాతి పాటల పద్ధతి) సాధన చేస్తున్నాడు. 30న పెళ్ళి ముహూర్తం ఉందట, బరాత్ ముగించుకుని తొమ్మిదింటికి వస్తానన్నాడు. ఆయన వచ్చేదాకా రెండో సెట్ మొదలుపెట్టం, కాబట్టి ఆ ఒక్క రాత్రి పదిన్నర దాటుతుంది, ఇంట్లో ముందే చెప్పి రండి.